సక్సెస్ గోడ

సార్నియా,
జూలై 3, 2023

నాన్నా,

మూడు రోజులుగా నీ ఫోన్ స్విచ్ఛాఫ్. అమ్మనడిగితే శ్రీశైలం వెళ్ళావంది. మోకాళ్ళు పట్టేస్తాయని భద్రకాళి గుడికి కూడా రాని మనిషివి, స్కూలు నడుస్తుండగా సెలవు పెట్టి శ్రీశైలం ఎందుకు వెళతావు? అమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదు, గొంతు సన్నబడిపోతుంది. నువ్వెక్కడున్నా మెయిల్ చూస్తావని ఇలా రాస్తున్నాను.

ఇక్కడ నా సంగతి చెప్పడానికేమీ లేదు. ఊరి చుట్టూ కెమికల్ ఫ్యాక్టరీలు. గాలి మా వైపు తిరిగిన రోజు కుళ్ళిన కోడిగుడ్ల కంపు బేస్‌మెంట్‌లోకి దిగి దుప్పట్లకు పట్టుకుంటుంది. బస్సులు లేవు. పనికి వెళ్ళాలంటే పక్కింటి కుర్రాడి కారు ఎక్కాలి. ఎక్కింది మొదలు దిగేదాకా అతని గొప్పలు వినాలి. నా రూమ్మేట్ రూప తెలుసుగా, అనంతపురం పిల్ల. "చెవుల్లో దూది పెట్టుకుని ఎక్కుదాం పా" అంటుంది.

కెనడా ఇమిగ్రేషన్ వాళ్ళ ఉత్తరానికి ఈ నెలాఖరులోగా జవాబివ్వాలి. వీసాకు పెట్టిన అడ్మిషన్ లెటర్ నకిలీదని నాకు ముందే తెలుసా, అనుమానం కలిగే అవకాశం ఎప్పుడైనా వచ్చిందా అన్నది ప్రశ్న. జనవరిలో సూట్‌కేసులతో టొరంటో కాలేజీ కౌంటర్ ముందు నిలబడితే "నీ పేరు మా దగ్గర లేదు" అన్న రోజు, ఫోన్లో మన వీసా ఏజెంటు యోగానంద్ ఏమన్నాడో గుర్తుందా? "సీట్లు అయిపోయుంటాయమ్మా, ఇంకేదో కాలేజీలో చేరిపో." పెళ్ళి భోజనాల్లో కూర అయిపోయినట్టు చెప్పాడు. అలా వచ్చిపడ్డాను ఈ ఊళ్ళో.

అసలు సంగతేమిటంటే, నిన్న రూప ఒక వీడియో చూపించింది. హనుమకొండలో వీసా కన్సల్టెన్సీ మీద తల్లిదండ్రుల దాడి. బోర్డు యోగానంద్‌దే. గుంపులో ఒక తెల్ల చొక్కా, వెనకనుంచి. కాలరు దగ్గర ఇంకు మరక. అది నువ్వేనా నాన్నా?

మధు

*

జమ్మికుంట,
జూలై 5

బంగారు తల్లీ మధూ,

ఇంకు మరకను నువ్వు కెనడా నుంచి పట్టుకున్నావు. ఇక దాచేదేముంది? ఆ చొక్కా నాదే.

మీ పాండురంగ మామ ఎరువుల దుకాణం వెనక గదిలో, యూరియా బస్తాల మధ్య మడత మంచం మీద ఉన్నాను. కళ్ళు మండుతున్నాయి. తిన్న అన్నం కూడా ఎరువు వాసనే వేస్తోంది. స్కూలుకు కామెర్లని సెలవు చీటీ పంపాను. ఇన్నేళ్ళుగా పిల్లల సెలవు చీటీల్లో అబద్ధాలు పట్టుకుని గోడకుర్చీ వేయించిన లెక్కల మాస్టారుని. ఇప్పుడు నా చీటీ నాకే రోత పుట్టించింది.

నీకు ఇమిగ్రేషన్ ఉత్తరం వచ్చిందన్నప్పటి నుంచి నా ఒళ్ళు నా వశంలో లేదు. పోయిన శుక్రవారం, నీలాగే మోసపోయిన పిల్లల తల్లిదండ్రులం ఐదుగురం యోగానంద్ ఆఫీసుకు వెళ్ళాం. రిసెప్షన్ గోడ మీద వరసగా ఫొటోలు, పైన 'సక్సెస్ వాల్' అని బంగారు అక్షరాలు. అందులో నువ్వు. పాస్‌పోర్టు ఒక చేత్తో, లడ్డూ ఒక చేత్తో పట్టుకుని నవ్వుతున్నావు. నిన్ను నడివీధిలో దింపినవాడు నీ నవ్వు చూపించి ఇంకా బేరాలు పట్టుకుంటున్నాడు! మాటా మాటా పెరిగింది. నీ ఫొటో పీకేశాను. చెయ్యి కూడా చేసుకున్నాను. వాళ్ళకు బుద్ధి చెప్పి వచ్చాననుకో.

కేసు పెట్టారు. కొట్టడానికి సిద్ధపడి లోపలికి జొరబడ్డామని ఒక సెక్షన్ తగిలించారు, దానికి స్టేషన్‌లో బెయిలివ్వరట. అందుకని మన లాయరు రాఘవులు ముందస్తు బెయిల్‌కు వేశాడు. అంటే, పోలీసులు పట్టుకోకముందే, ఒకవేళ పట్టుకుంటే బెయిలు మీద వదిలేయమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు. అది వచ్చేదాకా దొరక్కూడదు. ప్రభుత్వోద్యోగి నలభై ఎనిమిది గంటలు కస్టడీలో ఉంటే చాలు, సస్పెన్షన్ దానంతటదే వచ్చిపడుతుంది. మీ అమ్మ మందులు, నీ ఫీజు, అన్నీ ఈ ఉద్యోగం మీదే కదా.

పిటిషన్‌లో రాఘవులు ఏం రాశాడో తెలుసా? "పిటిషనరు గౌరవనీయ ఉపాధ్యాయుడు, ఎక్కడికీ పారిపోయే వ్యక్తి కాడు." ఎరువుల బస్తాల వెనక దాక్కుని ఆ వాక్యం కింద సంతకం పెట్టాను.

యోగానంద్‌కు మాత్రం మోసం కేసులో ఒక్క రోజులో బెయిలొచ్చింది. టీవీ వాళ్ళ ముందు కూర్చుని చట్టం తన పని తాను చేస్తుందంటున్నాడు. వాడి మొహం చూస్తే నాకు వాంతొస్తోంది.

నీకు తెలిసిందని అమ్మకు చెప్పకు.

నీ కోసం ఎంతకైనా తెగించే
నాన్న

*

సార్నియా,
జూలై 8

సింహం లాంటి నాన్నకు,

నీ మెయిల్ రూపకు చదివి వినిపించాను. లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "మా నాయన ఐతే ఏజెంటుకు దండం పెట్టి, ఇంకో ఏజెంటు నంబరు అడుక్కొని వచ్చేవాడు" అంది. పై గదుల్లో పిల్లలకు కూడా చెప్పేసింది. రాత్రి అందరూ కేకు తెచ్చి కోశారు. కేకు మీద 'మాస్టారు' అని రాయించారు, అందులో స్పెల్లింగ్ తప్పు. యోగానంద్ మూతి పగిలిందా? పన్ను ఊడిందా? ఎంత దెబ్బ తగిలిందో వివరంగా రాయి. వాడు తలకు కట్టుతో ఉన్న ఫొటో దొరికితే ఈ బేస్‌మెంట్ గోడకు అంటిస్తా.

నాకూ ఎవర్నో ఒకర్ని కొట్టాలనుంది, నిజం. మొన్న మా కాఫీ షాపులో, కార్లు ఆపి కొనుక్కునే డ్రైవ్ త్రూ కిటికీలో ఉన్నాను. ఒకతను డబుల్ క్రీమ్ అడిగితే లోపలివాళ్ళు బ్లాక్ కాఫీ పోసిచ్చారు. నేను చేసిన కాఫీ కాదది, చెయ్యి చాపి అందించానంతే. ఒక గుక్క తాగి, మూత తీసి, కప్పు నా మీదకు విసిరాడు. మెడ కింద కాలింది. బొబ్బలేమీ రాలేదులే, కంగారు పడకు. మేనేజరు బయటికొచ్చి అతనికే సారీ చెప్పి ఫ్రీ కాఫీ ఇచ్చాడు. నాకేమో వెళ్ళి చొక్కా మార్చుకోమన్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళంటే ఎవరికైనా లోకువే నాన్నా. తప్పు చేసినవాడు లోపల ఉంటాడు, కనిపించడు. అసహ్యంతో ఆ రోజంతా నాకు కాఫీ వాసన పడలేదు.

అందుకే నువ్వు సరైనవాణ్ణి కొట్టావని తెలిస్తే ప్రాణం లేచొచ్చింది. బెయిలు తొందరగా రావాలి. యూరియా గదిలో కిటికీ తీసి పెట్టుకో.

గర్వంతో,
మధు

*

జమ్మికుంట,
జూలై 12

మధూ,

కాలిన చోట ఏదైనా రాశావా? పరాయి దేశంలో నీ మీద కాఫీ పోసినవాడి చెయ్యి విరగ్గొట్టేవాళ్ళు లేకపోయారు. నేనుండుంటే తెలిసేది.

కేకు సంగతికి నవ్వాను. కానీ ఈ విషయం అందరికీ చెప్పకు తల్లీ. ఎక్కువమందికి తెలిసేకొద్దీ చిక్కులు.

నీతో ఒక పనుంది. బెయిలు పిటిషన్ ఇరవై ఐదున వాదనకు వస్తుంది. కేసు పెట్టింది యోగానంద్ కాదు. వాడి ఆఫీసులో ముందు టేబుల్ దగ్గర కూర్చునే అమ్మాయి, సాత్విక. ఆ తోపులాటలో ఆమెకు కొద్దిగా అద్దం గీసుకుంది. యోగానంద్ వెనకుండి ఆమెతో పెట్టించాడన్నది రాఘవులు అనుమానం. ఆ అమ్మాయి కూడా మోసంలో భాగమేనని చూపిస్తే, బాధితుల నోరు మూయించడానికి పెట్టిన దొంగ కేసని జడ్జికి అర్థమవుతుందట.

నువ్వు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి స్కాన్ చేసి పంపు. నీ ఫైలంతా సాత్వికే చూసిందని, అడ్మిషన్ లెటర్ అసలుదేనని ఆమే నీకు భరోసా ఇచ్చిందని, ఆమె యోగానంద్‌కు కుడిభుజమని. నాలుగు ముక్కలు చాలు. ఇంగ్లీషులో ఉంటే మంచిదన్నాడు రాఘవులు.

నాన్న

*

సార్నియా,
జూలై 14

నాన్నా,

నీ మెయిల్ నాలుగుసార్లు చదివాను. "కొద్దిగా అద్దం గీసుకుంది" అన్న చోటుకు వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయాను.

రూప మన ఊరి లోకల్ చానల్ వెతికింది. ఆసుపత్రి మంచం మీద సాత్విక ఉంది. కనుబొమ్మ నుంచి చెంప దాకా కుట్లు. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. పక్కన వాళ్ళమ్మ ఏడుస్తోంది. యోగానంద్ కూడా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో, ఒంటి మీద చిన్న గాటు కూడా లేకుండా. వాడి మూతి పగిలిందని ఇక్కడ కేకు కోశాం మేము.

ఎవరిని కొట్టావు నాన్నా? దేంతో కొట్టావు? చుట్టూ తిప్పకుండా చెప్పు.

ఆమె నాకు భరోసా ఇచ్చిందని రాయమన్నావు. అడ్మిషన్ లెటర్ తీసుకోవడానికి వెళ్ళిన రోజు మనిద్దరం కలిసే ఉన్నాం. యోగానంద్ క్యాబిన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. సాత్విక కవరు మన చేతికిచ్చి, గొంతు తగ్గించి ఏమంది? "సార్, మీరు వేరే అనుకోకుండ్రి. పైసలు కట్టేముందు ఆ కాలేజీకి మీరే ఒకసారి ఫోన్ కొట్టి అడుగుండ్రి." నేను విన్నాను. నువ్వూ విన్నావు. విని నవ్వావు. క్యాబిన్ వైపు తిరిగి పెద్దగా అన్నావు, "ఏమయ్యా యోగానందూ, నీ టేబుల్ కాడి పిల్ల మాకు తెలివి నేర్పుతాంది!" అతను బయటికొచ్చి మన ముందే ఆమెను తిట్టాడు. ఆమె తల దించుకుని మనకు టీ తేవడానికి వెళ్ళింది. ఆ టీ మనం తాగాం.

వీసా వచ్చిన రోజు ఆ గోడ మీది ఫొటో తీసింది కూడా ఆమే. "అక్కా, కొంచెం నవ్వు" అంది.

మధు

*

జమ్మికుంట,
జూలై 17

మధుమితకు,

తండ్రిని బోనులో నిలబెట్టి అడిగినట్టు అడుగుతున్నావు. ఎవరి కోసం వెళ్ళాను నేను అక్కడికి? నాకేమైనా సరదానా? సరే, విను.

మమ్మల్ని చూడగానే యోగానంద్ వెనక తలుపు నుంచి జారుకున్నాడు. వాడు దొరకలేదు. మాకు మిగిలింది ఆ టేబుల్, ఆ గోడ, ఆ పిల్ల. నేను నీ పటం మేకు నుంచి పీకాను. ఆమె అడ్డమొచ్చి పటం అంచు పట్టుకుంది. "సార్, అది తీస్తే నా జీతంల పట్టుకుంటరు, మీ కాళ్ళు మొక్కుత, ఇడువుండ్రి" అంటూ లాగింది. నాకు కళ్ళు కనపడలేదు. మోసగాడి గోడను కాపాడుతోందనిపించింది. రెండు చేతులతో పటం గుంజుకుని ఎత్తి కొట్టాను. అద్దం ఆమె ముఖం మీద పగిలింది. చాలా? ఇంకా వివరంగా కావాలా?

నీ ఫొటోతోనే కొట్టానని రాయడానికి నా చెయ్యి రాలేదు. అందుకే గీసుకుందన్నాను.

జరిగింది జరిగిపోయింది. ఇప్పుడు కావలసింది ఆలోచన. ముఖం మీద మచ్చ శాశ్వతంగా ఉండిపోతే చట్టం దాన్ని పెద్ద గాయమంటుందట. గాయాల సర్టిఫికెట్‌లో చిన్న గాయమని రాసేలా రాఘవులు చూసుకున్నాడు. "డాక్టరు మనోడే సారూ" అని కన్ను గీటాడు. అతను ఆ మాటన్నప్పుడు నాకు ఒళ్ళంతా చీదర పుట్టింది. అయినా అవునని తలాడించాను. నా పరిస్థితి అలా ఉంది.

ఇక ఆ ఫోన్ చేయమన్న సంగతి. ఆ మాట నువ్వు ఎక్కడా, ఎవరితోనూ అనొద్దు. నా కేసు కోసం చెప్పడం లేదు, నీ కోసమే. కెనడా వాళ్ళు నిన్ను ఏమడిగారు? అనుమానం కలిగే అవకాశం వచ్చిందా అని కదా? రిసెప్షన్ అమ్మాయి ముందే హెచ్చరించిందని తెలిస్తే, తెలిసే వచ్చావంటారు. నిన్ను వెనక్కి పంపిస్తారు. మళ్ళీ రానివ్వరు. ఆ ఒక్క మాట బయటపడితే ఇక్కడ నా ఉద్యోగం, అక్కడ నీ చదువు, రెండూ పోతాయి. ఆమె ఏమీ చెప్పలేదు. మనం ఏమీ వినలేదు. అంతే.

ఇరవై ఐదులోపు ఆ కాగితం పంపు.

నాన్న

*

సార్నియా,
జూలై 20

నాన్నా,

కాగితం పంపుతున్నాను. ఇంగ్లీషులోనే రాశాను, సంతకం పెట్టాను. అందులో ఉన్నది ఇంతే. అడ్మిషన్ లెటర్ ఇచ్చిన రోజు సాత్విక అనే ఉద్యోగిని, కాలేజీకి మేమే ఫోన్ చేసి నిర్ధారించుకోమని నాకూ మా నాన్నకూ చెప్పింది. మేము ఆ మాట పట్టించుకోలేదు. మా నాన్న ఆమెను ఆమె యజమాని ముందు నవ్వులపాలు చేశారు. ఆమెకు మోసంలో భాగం ఉందని నేను అనుకోవడం లేదు.

ఇదే కాగితం నిన్న ఇమిగ్రేషన్ వాళ్ళకు కూడా పంపేశాను. ఇక నా చదువు పోతుందన్న సాకు నీకు లేదు. పోతే పోయింది.

రూప నాతో మాట్లాడటం లేదు. "నీకేమైనా పిచ్చా? వాళ్ళెవరూ ఆ పిల్లను కనుక్కోలేరు. ఎవుర్నడిగి చెప్పినావు?" అని అరిచింది. ఆమెను తప్పుపట్టలేను. పంపే ముందు నేనూ రెండుసార్లు లాప్‌టాప్ మూసేశాను. ఈ కంపు కొట్టే ఊరు, ఈ బేస్‌మెంట్ కూడా వదులుకోవాలంటే ప్రాణం ఉసూరుమంది. ఇక్కడిదాకా రావడానికి ఎంత పడ్డాం!

కానీ అందరూ నవ్వుతూ ఒకళ్ళ పక్కన ఒకళ్ళు నిలబడి ఉన్న ఆ గోడే కళ్ళ ముందు తిరుగుతోంది. నా మొహం ఉన్న అద్దమే ఆమె మొహంలో గుచ్చుకుంది. తల దువ్వుకుందామని అద్దం ముందు నిలబడితే నాకు నా మొహమే వెగటుగా ఉంటోంది. నేను కిటికీలో నిలబడి కాఫీ మీద పోయించుకున్న రోజు, ఆ పోసినవాడి చెయ్యి విరగ్గొట్టాలన్నావు. ఇప్పుడు ఎవరి చెయ్యి విరగ్గొట్టాలి నాన్నా?

మధు

*

హనుమకొండ,
జూలై 30

మధూ,

ఇంటికొచ్చాను. ఇరవై ఐదున బెయిలొచ్చింది.

నీ కాగితాన్ని రాఘవులు కోర్టులో పెట్టలేదు. చదివి మడిచి నాకే తిరిగిచ్చాడు. "మీ పిల్ల ఎవలి దిక్కు సారూ? ఇది పెడితే బెయిలు కాదు, బేడీలొస్తయి" అన్నాడు. వాదన మొత్తం టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. ఇరవై ఏడేళ్ళ సర్వీసు, పాత కేసుల్లేవు, చిన్న గాయం, అన్నాడు. ఎదుటి లాయరు ఏదో గొణిగాడు. అయిపోయింది.

ఆ తర్వాత జరిగింది విను. బెయిలొస్తే కేసు కొట్టేసినట్టేనని మనవాళ్ళందరూ అనుకున్నారు. మీ అమ్మ వీధంతా పేడాలు పంచింది. స్కూల్లో స్టాఫ్ రూమ్‌లో నాకు శాలువా కప్పారు. ఆడపిల్ల కోసం పోరాడిన తండ్రి అని మా హెడ్‌మాస్టరు ప్రసంగం చేశాడు. ఆడపిల్ల! నేను శాలువా కప్పించుకుని, నవ్వి, ఫొటో దిగాను. ఆ ఫొటో స్కూలు గ్రూపులో తిరుగుతోంది. చూస్తే సక్సెస్ గోడ మీద నేనూ ఎక్కినట్టే ఉంది. రోత, మధూ. ఇంతకంటే వేరే మాట నాకు దొరకడం లేదు.

బెయిలుకు షరతులున్నాయి. దర్యాప్తుకు సహకరించాలి. ప్రతి ఆదివారం స్టేషన్‌కు వెళ్ళి సంతకం పెట్టాలి. ఫిర్యాదుదారుతో నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ మాట్లాడకూడదు.

ఈ రోజు మొదటి సంతకం. స్టేషన్‌లోకి అడుగుపెట్టేసరికి బెంచీ మీద సాత్విక. వాంగ్మూలంలో ఏదో సరిచేయాలని పిలిపించారట. కట్టు తీసేశారు. మచ్చ మానదు, అది చూస్తేనే తెలుస్తోంది. నన్ను చూసి ఏం చేసిందో తెలుసా? లేచి నిలబడింది. "నమస్తే సార్" అంది. సార్లు కనపడితే లేచి నిలబడి దండం పెట్టాలని బడిలో మేమే కదా నేర్పుతాం. అలవాటు కొద్దీ లేచి, అన్నాక గుర్తొచ్చినట్టుంది, వెంటనే గోడ వైపు తిరిగిపోయింది.

క్షమించమ్మా అనాలనిపించింది. షరతు గుర్తొచ్చింది. మాట్లాడితే బెయిలు రద్దు. సంతకం పెట్టి తల వంచుకుని వచ్చేశాను. దారి పొడుగునా షరతును తిట్టుకున్నాను. ఇంటి గుమ్మం ఎక్కుతుంటే అనిపించింది, ఆ షరతు లేకపోయినా నేను అలాగే వచ్చేసేవాణ్ణని.

నా తరఫున నువ్వైనా ఆ అమ్మాయికి ఒక మాట చెప్పరాదా?

నాన్న

*

సార్నియా,
ఆగస్టు 3

నాన్నా,

చెప్పను. నీ క్షమాపణ నేను మోసుకెళ్ళి ఇస్తే అది కూడా సెలవు చీటీ లాంటిదే. పైగా ఇంకొకరి ద్వారా మాట్లాడించడం కూడా తప్పేనని ఆ ఉత్తర్వులో ఉందన్నావు.

నీ మెయిల్‌లో ఇంకో షరతు రాశావు, దాన్ని దాటి వెళ్ళిపోయావు. దర్యాప్తుకు సహకరించాలని ఉంది కదా. సాత్వికతో మాట్లాడొద్దంది కోర్టు. ఎస్సైతో మాట్లాడొద్దనలేదు. నా కాగితం నీ దగ్గరే ఉంది. రాఘవులు పెట్టకపోతే నువ్వు తీసుకెళ్ళి ఇవ్వొచ్చు. ఆమె దొంగ కాదని ఫైల్లో ఒక్క చోటైనా ఉంటుంది.

ఉద్యోగం పోవచ్చు, తెలుసు. నా సంగతీ తేలలేదు. వచ్చే నెల ఇంటర్వ్యూకు పిలిచారు. రూప నిన్నటి నుంచి మళ్ళీ మాట్లాడుతోంది. తనే కారులో తీసుకెళుతుందట, ఎవరి కారో అప్పు తెచ్చి.

ఆ శాలువా బీరువాలో పెట్టకు. నేనొస్తే నాకు కనపడకూడదు.

మధు

*

హనుమకొండ,
ఆగస్టు 20

తల్లీ మధూ,

నీ ఉత్తరం వచ్చాక రెండు ఆదివారాలు స్టేషన్‌కు వెళ్ళాను. రెండుసార్లూ నీ కాగితం జేబులోనే ఉంది. రెండుసార్లూ సంతకం పెట్టి, ఎస్సై గారికి నమస్కారం పెట్టి, కాగితం జేబులోనే ఉంచుకుని తిరిగొచ్చాను. మీ అమ్మ చొక్కా ఉతకబోతూ అది తీసి, "ఇదేంది, పారేయాల్నా?" అని అడిగింది. వద్దన్నాను. నా పిరికితనం మీద నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. బోర్డు మీద లెక్క తప్పు చేసి, పిల్లలకు కనపడకముందే చెరిపేసే మాస్టారుని నేను. ఈ తప్పు చెరగడం లేదు.

ఈ రోజు ఇచ్చేశాను.

ఎస్సై చదివాడు. కుర్రవాడు, నా శిష్యుల వయసు. "సార్, ఇదిస్తే మీకే నష్టం. మీ లాయరుకు తెల్సా?" అన్నాడు. తెలియదన్నాను. ఆమె అడ్డమొస్తే కావాలనే ఎత్తి కొట్టానని కూడా చెప్పాను. పెన్ను కింద పెట్టేశాడు. "మా ముందట ఒప్పుకున్నది కోర్టుల చెల్లదు సార్. చెప్పేదుంటే జడ్జి ముందట చెప్పాలె." అక్కడా చెబుతానన్నాను. రాఘవులు వకాలతు వదులుకుంటాడట, మధ్యాహ్నం ఫోన్ చేసి నన్ను నానా మాటలూ అన్నాడు. మీ అమ్మ పొద్దుట్నించి నాతో మాట్లాడలేదు, ఇప్పుడే వచ్చి కంచం పెట్టి వెళ్ళింది. శాలువా వాచ్‌మన్‌కు ఇచ్చేశాను.

నిన్ను వెనక్కి పంపితే ఏ పూటైనా ఎయిర్‌పోర్టుకు నేనే వస్తాను. ఎలాగూ సస్పెండ్ చేస్తారు, సస్పెండైనవాడికి సెలవు చీటీ రాసే పని ఉండదు కదా.

ఇంకొక్కటి చెప్పాలి. నేను వచ్చేస్తుంటే ఎస్సై ఆపి, బీరువాలోంచి గుడ్డలో చుట్టి సీలు వేసిన ఒక మూట చూపించాడు. దానికి కట్టిన చీటీ మీద వివరం ఖాళీగా ఉందట, నింపాలన్నాడు. నీ పటం చట్రం అంచు గుడ్డలోంచి పొడుచుకుని కనపడుతోంది.

"ఈ ఫొటోల ఉన్నదెవరు సార్?" అని అడిగాడు.

నా బిడ్డ అన్నాను. రాసుకున్నాడు.

దాంతో కొట్టిందెవరని అతను అడగలేదు. నేనే చెప్పాను.

మీ నాన్న